ఒంటరి మగ కోఆటీని గుంపు ఎందుకు రానివ్వదు?

అడవిబాట:
కోఆటీలంటే అమెరికా ఖండాల్లో ఉండే, రకూన్ కుటుంబానికి చెందిన పొడవు ముక్కు జంతువులు. వాటిలో తెల్లముక్కు కోఆటీల్లో ఆడవీ పిల్లలూ గుంపుగా తిరుగుతాయి. రెండేళ్లు దాటిన మగవి ఒంటరిగా బతుకుతాయి. ఒకప్పుడు వాటిని వేరే జాతే అనుకున్నారు. మగవి పిల్లల్ని చంపుతాయి కాబట్టే ఆడవి తరిమేస్తాయని నా వాదన.

జువాలజీ మాస్టారు:
చంపుతాయి, కాదనను. కానీ పనామాలోని బారో కొలరాడో దీవిలో గమనించిందేమిటి? పండ్ల చెట్టు దగ్గర మగది ఉంటే గుంపు వచ్చి వెళ్లగొడుతుంది. ఒక్కో ఆడదానికన్నా మగది పెద్దదే, అయినా జట్టు ముందు నిలవలేదు. ఇది తిండి తగువు.

టూసన్ వాసి:
మా ఇల్లు అరిజోనాలో, కొండల పక్కన. నిన్న ఒక కోఆటీ జాలీ కింద తవ్వి కోళ్లగూట్లో దూరింది. తెల్లారి చూస్తే గూడంతా ఈకలు. ఇలాంటి మగది పిల్లల్ని వదులుతుందా?

గాలిపటం:
కోళ్లకీ దీనికీ సంబంధమేంటండీ?

అడవిబాట:
మాస్టారూ, తిండి తగువే అయితే జతకట్టే రోజుల్లో మగదాన్ని ఎందుకు రానిస్తాయి? అప్పుడు ఆకలెయ్యదా? ఆ పని కాగానే మళ్లీ గెంటేస్తాయి. ఈనేలోపు దూరం పెట్టడానికే!

జువాలజీ మాస్టారు:
ఆ రోజుల్లోనూ అది ఆడవాటికి అణిగిమణిగే ఉంటుంది. పిల్లల భయమే అంటారా? కోస్టారికాలో తెల్లమొహం కపుచిన్ కోతులు గూళ్లలోంచి కోఆటీ పిల్లల్ని లాక్కుని బతికుండగానే తింటాయి. నేరమంతా మగదాని నెత్తినే వేస్తారేం?

టూసన్ వాసి:
మీరు చదివి చెబుతున్నారు, నేను పోగొట్టుకుని చెబుతున్నాను. రేపు బోను పెట్టిస్తున్నా.

గాలిపటం:
అది మగదని ఎలా తెలుసు?

టూసన్ వాసి:
ఒంటరిగా ఉంది కదా.

జువాలజీ మాస్టారు:
ఇది జూన్ నెలండీ! అక్కడ ఈనే కాలం. సుమారు 77 రోజుల చూలు నిండే ముందు ఆడది గుంపు వదిలి చెట్టు మీదో రాళ్ల సందులోనో గూడు చూసుకుంటుంది. పిల్లలు నడిచేదాకా ఐదారు వారాలు ఒంటరిగానే మేత వెతుక్కుంటుంది. దాన్ని పట్టేస్తే గూట్లో పిల్లలు ఆకలితో చస్తాయి. మగది దుర్మార్గపుదన్న కథ ఒప్పుకుంటే వచ్చే ముప్పు ఇదే. నా గొడవంతా అందుకే.

అడవిబాట:
నేను పట్టించమని ఎక్కడ అన్నాను? టూసన్ గారూ, బోను ఆపండి. జాలీ అంచు నేలలోకి పాతండి, పైకప్పూ మూయండి. చీలమండ వెనక్కి తిరుగుతుంది కాబట్టి ఎక్కడం సరే, తలకిందులుగా దిగడమూ దానికి తేలికే.

టూసన్ వాసి:
ఆ ఖర్చు ఎవరు పెట్టాలి?

జువాలజీ మాస్టారు:
కోళ్లు పెంచేవాళ్లే.