బానెట్ మీద స్కూప్‌తో నిజంగా పవర్ పెరుగుతుందా?

షేకర్03:
మొన్న ఆదివారం ఇక్కడ డాలస్‌లో ఒక మిత్రుడితో గట్టి వాదనే అయింది. నా బండి 2003 ఫోర్డ్ మస్టాంగ్ మాక్ 1. దాని షేకర్ స్కూప్‌ని (స్కూప్ అంటే బయటిగాలి పట్టడానికి బానెట్ మీద ఉండే నోరు) ఇంజిన్‌కే బిగించి ఉంటారు, బానెట్‌లో కోసిన రంధ్రంలోంచి పైకి కనిపిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్‌తో పాటు అదీ ఊగుతుంది, ఆ పేరు అందుకే. మిత్రుడు దాన్ని చూసి "ఇదంతా షో, ఒక్క హార్స్‌పవర్ కూడా రాదు" అని తేల్చేశాడు. 1999 నుంచి 2004 దాకా వచ్చిన మామూలు మస్టాంగ్ జీటీ గురించి ఆ మాట అంటే ఒప్పుకుంటాను, ఆ స్కూప్‌లోంచి గాలి లోపలికి పోదు. నాది అలా కాదు, గాలి నేరుగా ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి వెళ్తుంది. పనిచేస్తుందనే నా నమ్మకం. ఉత్తుత్తి స్కూప్‌లని వదిలేసి, గాలి లోపలికి పంపేవాటి గురించే చెప్పండి.

లెక్కలమనిషి:
మీ మిత్రుడి మాటలో చాలావరకు నిజం ఉందన్నా. ఎదురుగాలి ఒత్తిడి ఎంతో లెక్కేద్దాం. గాలి సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. గంటకి 100 మైళ్లంటే సెకనుకి 44.7 మీటర్లు, అప్పుడు ఒత్తిడి సుమారు 1,200 పాస్కల్స్. మామూలు వాతావరణ ఒత్తిడే 1,01,325 పాస్కల్స్. అంటే పెరిగేది 1.2 శాతం. దారిలో ఏమీ పోకుండా అంతా ఇంజిన్‌కి అందినా, 400 హార్స్‌పవర్ బండికి వచ్చేది 5 లోపే. 60 మైళ్ల దగ్గర అర శాతం కూడా ఉండదు. ఇలాంటి స్కూప్‌లకి కంపెనీలు పెట్టిన 'రామ్ ఎయిర్' (గాలిని కుక్కడం) అన్న పేరు వినడానికి ఎంత గొప్పగా ఉన్నా, రోడ్డు మీద తిరిగే వేగాల్లో గాలిని కుక్కి పంపడం కుదరదు.

గ్యారేజ్‌బాబాయ్:
తమ్ముడూ, నీ లెక్క తప్పు కాదు. కానీ స్కూప్ వల్ల అసలు లాభం ఒత్తిడిలో లేదు, చల్లగాలిలో ఉంది. హ్యూస్టన్‌లో పాత బండ్లు బాగుచేసే షెడ్డులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఎండాకాలం మధ్యాహ్నం ఒక వీ8 (ఎనిమిది సిలిండర్ల) బండిని పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచి బానెట్ ఎత్తి చూడు. సెగ మొహానికి కొడుతుంది, ఎయిర్ క్లీనర్ (గాలి ఫిల్టర్ డబ్బా) మూత మీద చెయ్యి ఆనించలేవు. స్కూప్ లేని పాత బండిలో ఇంజిన్ పీల్చేది ఆ గాలినే. బయట 35 డిగ్రీలు, లోపల 65 అనుకో. గాలి సాంద్రత దాదాపు 9 శాతం పడిపోతుంది. పవర్ అంతగా పడదు, మెకానిక్‌ల వాడుక లెక్కలో 10 డిగ్రీల ఫారన్‌హీట్‌కి 1 శాతం. 30 సెల్సియస్ తేడా అంటే 54 ఫారన్‌హీట్, అంటే 5 శాతం పైమాటే. 400కి 20 హార్స్‌పవర్. నువ్వు చెప్పినదానికి నాలుగింతలు.

అయితే సీల్ బాగుండాలి. ఈమధ్య ఒక 1969 పాంటియాక్ జీటీఓ వచ్చింది, రామ్ ఎయిర్ 3. లోపల డ్రైవర్ దగ్గర ఒక నాబ్ ఉంటుంది, లాగితే స్కూప్ తలుపులు తెరుచుకుంటాయి. "లాగినా లాగకపోయినా తేడా తెలియట్లేదు" అన్నాడు ఓనర్. బానెట్ ఎత్తి చూస్తే కార్బ్యురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపే భాగం) చుట్టూ ఉండే పళ్లేనికీ బానెట్‌కీ మధ్య ఫోమ్ ఎండిపోయి ఉంది. వేలితో నొక్కితే పొడిపొడిగా రాలిపోయింది. పైనుంచి చల్లగాలి వస్తూనే ఉంది, పక్క సందుల్లోంచి వేడిగాలి కూడా వచ్చి కలుస్తోంది. కొత్త ఫోమ్ అతికించాం. చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి పెట్రోల్ కాస్త ఎక్కువ కావాలి, కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాల ముక్కలు, అంటే జెట్లూ మార్చాం. ఓనర్ ఒక చుట్టు తిప్పి వచ్చి నవ్వుతూ దిగాడు.

పాతబండిప్రేమ:
బాబాయ్, మరి కంపెనీ లెక్కల సంగతేంటి? ఫోర్డ్ 428 కోబ్రా జెట్ ఇంజిన్‌కి రామ్ ఎయిర్ ఉన్నా 335 హార్స్‌పవరే రాశారు, లేకపోయినా 335 అనే రాశారు. నిజంగా 20 పెరిగి ఉంటే ఫోర్డ్ వాళ్లే గొప్పగా చెప్పుకునేవాళ్లు కదా?

గ్యారేజ్‌బాబాయ్:
ఆ 335ని పట్టుకుని ఏమీ తేల్చలేం. ఇన్సూరెన్స్ ప్రీమియం భయంతో ఆ రోజుల్లో అంకెలు తగ్గించి రాసేవాళ్లు, కోబ్రా జెట్ అసలు పవర్ అంతకంటే బాగా ఎక్కువని అందరికీ తెలుసు. ఇంకో సంగతి. 1972కి ముందు అంకెలన్నీ గ్రాస్ హార్స్‌పవర్. ఇంజిన్‌ని బండిలోంచి బయట పెట్టి, స్టాండ్ మీద కొలిచేవాళ్లు. అక్కడ బానెట్టే లేదు, దాని కింద మరిగే గాలీ లేదు. స్కూప్ తీర్చాల్సిన ఇబ్బందే లేని చోట తేడా ఎలా కనిపిస్తుంది?

కర్నూల్‌కామారో:
స్కూప్ ఎటు తిరిగి ఉందో కూడా చూడాలి. 1970 షెవ్రొలే షెవెల్ ఎస్ఎస్‌లో కౌల్ ఇండక్షన్ అనే స్కూప్ నోరు వెనక్కి, అద్దం వైపు ఉంటుంది. గట్టిగా తొక్కినప్పుడు అక్కడి తలుపు లేస్తుంది. కదిలే బండిలో ముందు అద్దం అడుగున గాలి అడ్డుపడి ఒత్తిడి పెరుగుతుంది, దాన్నే లోపలికి తీసుకుంటారు. ముందుకి తెరిచి, బానెట్‌కి అంటుకుపోయినట్టుండే పొట్టి స్కూప్‌కి అందేది ఉపరితలాన్ని రాసుకుంటూ నెమ్మదించిన గాలే. డ్రాగ్ రేసుల్లో ప్రో స్టాక్ బండ్లకి అంతెత్తు స్కూప్‌లు పెట్టింది ఆ పొర దాటి పైగాలి అందుకోవడానికే. 2016లో ఆ క్లాస్‌కి ఫ్యూయల్ ఇంజెక్షన్ తెచ్చినప్పుడు వాటిని తీసేశారు.

లెక్కలమనిషి:
వేడి సంగతి నేను పట్టించుకోలేదు, ఒప్పుకుంటున్నాను బాబాయ్. కానీ మీరు చెప్పిన 65 డిగ్రీలు ఆగి ఉన్న బండివి. వేగం అందుకున్నాక గ్రిల్ లోంచి గాలి ఆడి లోపలి వేడి తగ్గుతుంది. పైగా షేకర్03 అన్న బండి, ఎయిర్ క్లీనర్ ఇంజిన్ వేడిలో కూర్చునే పాత కార్బ్యురేటర్ బండి కాదు. అన్నా, మీ ఫిల్టర్ డబ్బాకి ఫెండర్ (ముందు చక్రం పైరేకు) వైపు నుంచి కూడా గాలి వస్తుంది కదా? స్కూప్ నోటికి టేప్ వేసి ఒకసారి, తీసి ఒకసారి పరిగెత్తించి చెప్పండి.

షేకర్03:
అవును, ఫెండర్ నుంచీ వస్తుంది. మీరన్నట్టే శనివారం ఎన్నిస్‌లోని డ్రాగ్ స్ట్రిప్‌కి (తిన్నటి రేసు ట్రాక్‌కి) వెళ్లాను. క్వార్టర్ మైలు ఆరుసార్లు, మూడు టేప్ వేసి, మూడు తీసి. స్టార్టింగ్ లైన్ దగ్గర టెన్షన్‌తో ఒక్కోసారి ఒక్కోలా వదిలాను కాబట్టి సమయాలు పక్కనపెట్టి చివరి వేగాలే ఇస్తున్నాను. టేప్‌తో గంటకి 101.2, 101.0, 101.3 మైళ్లు. తెరిచి 101.6, 101.9, 101.1. బండి కంప్యూటర్ అంకెలు చూపించే ఓబీడీ రీడర్‌లో ఇంజిన్ పీల్చే గాలి వేడి లైన్ దగ్గర ఎప్పుడూ 58 డిగ్రీలకి అటూఇటూగానే ఉంది, గీత దాటేసరికి టేప్‌తో 43, తెరిచి 39. సగటున అర మైలు కూడా తేడా లేదు. వేగం తేడా బట్టి చూస్తే 305 హార్స్‌పవర్‌లో మూడో నాలుగో. మిత్రుడు సున్నా అన్నాడు, అది తప్పు. నేను ఊహించుకున్నదానికి మాత్రం ఇది చాలా తక్కువ.

గ్యారేజ్‌బాబాయ్:
నీ బండిలో ఇంతే వస్తుంది, ఎందుకంటే స్కూప్ మూసినా ఫెండర్ నుంచి బయటిగాలే అందుతోంది. ఎయిర్ క్లీనర్ నేరుగా ఇంజిన్ వేడిలో కూర్చున్న 1969 బండి మీద ఇదే టేప్ వేసి చూడు, అంకెలు వేరుగా ఉంటాయి. అది సరే, ఆ చివరి 101.1 ఏంటి? ముందు పరుగు అవ్వగానే మళ్లీ లైన్‌లోకి వెళ్లిపోయావా?

షేకర్03:
అవును బాబాయ్, పది నిమిషాలు కూడా ఆగలేదు.

గ్యారేజ్‌బాబాయ్:
మరి సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు, అంటే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కాలిపోతూ ఉంటుంది, పైనుంచి ఎంత చల్లగాలి పంపినా అక్కడ వేడెక్కిపోతుంది. ఈసారి ప్రతి పరుగుకీ మధ్య బానెట్ ఎత్తి అరగంట వదిలెయ్. టేప్ ఒకసారి వేసి, మరుసటిసారి తీసి, మార్చి మార్చి చెయ్.