సమస్యాపూరణం: నీటిలో మండె నొక కొండ నిప్పు లేక

నిర్వాహకులు, విజయవాడ:
మిత్రులారా, పైన ఇచ్చిన పాదమే ఈ వారం సమస్య; అది చివరి పాదంగా వచ్చేలా ముందు మూడు పాదాలు మీరు కట్టాలి. ఛందస్సు తేటగీతి. వస్తువు: కొండల నడుమ సరస్సును గీసిన చిత్రాలు. 1842లో ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ సరస్సు మీదుగా కనిపించే రిగి కొండను నీటిరంగుల్లో వేశారు. అదే కొండ ఒక చిత్రంలో పొద్దున్నే నీలం, మరో దాంట్లో సాయంత్రపు ఎరుపు. ఆ ఎర్ర రిగి ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉంది. కొండ ఆకారం వర్ణిస్తే సరిపోదండీ, ఆ గడియ మనసుకు ఎలా తగిలిందో పద్యంలోకి రావాలి.

సత్యనారాయణపురం సభ్యురాలు:
సంజ వెలుగులు సోకిన శైల శిఖర
కాంతి సరసులోఁ బడినంత గావి జిమ్మె
గాలి నిదురింప నలలేవి కదలకుండ
నీటిలో మండె నొక కొండ నిప్పు లేక

నిర్వాహకులు: చాలా బాగుందమ్మా. సం–శై యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో పొంతన, హాయిగా కుదిరింది. పైన వెలుగు, కింద కావి అన్నారు చూశారా, అక్కడ చిత్రకారుడి కన్ను ఉంది. వెలుగున్న కొండ నీడ నీటిలో ఒక పిసరు ముదురుగానే కనిపిస్తుంది.

మొగల్రాజపురం సభ్యుడు:
చిత్రకారుడు తెలిమంచు చెరగకుండ
తడిసి యున్నట్టి పత్రంపు తలముపైన
నెఱుపు వన్నె నొక్కింతగా నింకజేయ
నీటిలో మండె నొక కొండ నిప్పు లేక

నిర్వాహకులు: తడి కాగితం మీద రంగు అంచులు కరిగిపోతాయి, మంచు వేయడానికి అదే కిటుకు. ‘ఇంకజేయ’ దగ్గర బ్రష్ కదలిక తెలుస్తోంది. ‘పత్రంపు తలము’ మాత్రం బరువుగా ఉంది.

గుంటూరు మాస్టారు:
కొండవీటిలో చెరువున కోట నీడ
తుళ్ళి తుళ్ళిపడు నలల తోడ నాడ
పొద్దు కుంకెడి వేళలో పూర్తిగాను
నీటిలో మండె నొక కొండ నిప్పు లేక

నిర్వాహకులు: కొండవీడు తేవడం మాకెంతో నచ్చింది మాస్టారూ. ‘పూర్తిగాను’ గణాల లెక్క సరిపెట్టడానికి వచ్చిన మాట. అక్కడ ‘బొమ్మ కట్టి’ అంటే యతీ నిలుస్తుంది, చిత్రమూ వస్తుంది. అలలు అంతగా తుళ్ళితే నీడ ముక్కలైపోతుంది, కొండ పోలిక మిగలదు. రెండో పాదం ఇలా మార్చి చూడండి:
తొణకని నునుపు నీటిపై తోచి నిలువ

గుంటూరు మాస్టారు: ‘బొమ్మ కట్టి’ తీసుకుంటాను, సంతోషం. అలల్ని మాత్రం వదలనండీ. కదలని ఎరుపు ఒట్టి రంగు. సన్నని అల మీద నీడ నిలువునా సాగి, నాలుకలు చాచి ఊగితేనే కదా ‘మండె’ అన్న క్రియకు న్యాయం జరిగేది!

సత్యనారాయణపురం సభ్యురాలు: మాస్టారూ, అలాగైతే ‘తుళ్ళి తుళ్ళి’ తగ్గించి సన్నని అలే పెట్టండి. మంటా ఉంటుంది, కొండా ఉంటుంది.