లాంకాస్టర్ బాంబర్ మోడల్‌కి అసలు బరువు ఎలా తేవాలి?

ప్రశ్న:
రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆవ్రో లాంకాస్టర్‌ని ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం తయారుచేస్తున్నాను. 31 మీటర్ల రెక్కలు, నాలుగు మెర్లిన్ ఇంజన్లు, తోక టరెట్ (తుపాకులు ఉండే గూడు) అన్నీ బాగానే కుదిరాయి కానీ నడుపుతుంటే చిన్న విమానంలా తేలిపోతోంది. ఎక్కడ సరిచేయాలి?

జవాబు 1:
ముందు టేకాఫ్ చూడండి. ప్రొపెల్లర్లు నాలుగూ ఒకే దిశలో తిరుగుతాయి, పైగా తోక చక్రం విమానం, కాబట్టి పవర్ ఇవ్వగానే ముక్కు ఎడమకి లాగేస్తుంది. అప్పటి పైలట్లు ఎడమ వైపు థ్రాటిల్స్‌ని (ఇంజన్ పవర్ పెంచే లివర్లని) కాస్త ముందుగా తోసి దాన్ని అదుపు చేసేవాళ్లు. మీ మోడల్‌లో థ్రాటిల్స్ నాలుగూ విడివిడిగా పనిచేయకపోతే లాంకాస్టర్ నడిపిన అనుభవమే రాదు.

జవాబు 2:
బరువంతా ఒకే చోట పెట్టారేమో! పెట్రోలు రెక్కల్లోని ఆరు ట్యాంకుల్లోకి, బాంబులు సుమారు 10 మీటర్ల బాంబ్ బే పొడవునా పంచండి. బాంబులు వదలగానే విమానం ఒక్కసారిగా పైకి లేవాలి, ట్రిమ్ (విమానం సమతూకం) మారాలి. అలాగే ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే సూపర్‌ఛార్జర్‌కి రెండు గేర్లు ఉంటాయి, అవి మర్చిపోవద్దు.

జవాబు 3:
కాక్‌పిట్‌కి మాత్రం యుద్ధకాలపు ఫొటోలే వాడండి. ఇప్పటికీ ఎగురుతున్నవి రెండే, ఒకటి ఇంగ్లండ్‌లోని కోనింగ్స్‌బీలో, ఇంకోటి కెనడాలోని హామిల్టన్‌లో. వాటిలో కొత్త రేడియోలు పెట్టారు. ఇంజన్ శబ్దానికైతే వాటిని మించినవి లేవు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థ్యాంక్స్ అండి. బరువు నిజంగానే ఒకే చోట ఉంది, ముందు అది విడదీస్తాను.