అప్‌డేట్: మాత్ర గొంతులోనే ఆగినట్టు అనిపించడం గురించి

మొటిమలకు డాక్సీసైక్లిన్ క్యాప్సూల్ వేసుకున్నాక అది ఇంకా గొంతులోనే ఉన్నట్టుందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. మింగుతుంటే నొప్పి కూడా మొదలయ్యేసరికి టెన్షన్ వచ్చి డాక్టర్‌కి చూపించుకున్నాను. మాత్ర ఎప్పుడో దిగిపోయిందట, కాకపోతే అన్నవాహికలో మంట పెట్టి మరీ పోయింది. ఈ మందుకి ఆమ్ల గుణం ఎక్కువ. గుక్కెడు నీళ్లతో మింగి పడుకుంటే క్యాప్సూల్ అక్కడే అంటుకుని, కరిగి పుండు చేస్తుందని చెప్పారు. మందు మార్చి, ఎసిడిటీ తగ్గడానికి ఇంకోటి ఇచ్చారు (మళ్లీ మాత్రే!). ఇప్పుడు నిండు గ్లాసు నీళ్లతో కూర్చునే వేసుకుంటున్నాను, అరగంట దాకా నడుం వాల్చను. మాత్ర దిగడానికి అన్నం ముద్ద మింగమని అప్పుడు సలహా ఇచ్చినవాళ్లకి థాంక్స్, కానీ నాకు దానితో నొప్పి పెరిగింది. ఇప్పుడైతే చాలావరకు తగ్గింది, ఆవకాయ జోలికి మాత్రం ఇంకా వెళ్లలేదు. నీళ్లు కూడా దిగకపోయినా, వాంతిలో రక్తం కనిపించినా వెంటనే రమ్మన్నారు.