క్షమించకపోతే సాధన సాగదు అంటున్నారు, నిజమేనా?

పాతగాయం:
అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇవాళ రాయక తప్పట్లేదు. ఆరేళ్ల నుంచి రోజూ పొద్దున్నే గంట ధ్యానంలో కూర్చుంటున్నా. మా నాన్నగారికి జబ్బు ముదిరి మనిషిని గుర్తుపట్టలేని స్థితిలో ఉన్నప్పుడు మా అన్నయ్య ఆయన చేత వేలిముద్ర వేయించుకుని ఇల్లు తన పేరున రాయించుకున్నాడు, అది ఒక ఎత్తు, నాన్నగారు పోయే ముందు రెండ్రోజులు నాకు కబురు రాకుండా చేశాడు, అది ఇంకో ఎత్తు. ఇల్లు పోతే పోయింది. ఆఖరి చూపు పోయింది చూడండి, అది తిరిగొచ్చేది కాదు. కళ్లు మూసుకుంటే శ్వాస మీదకి పోవాల్సిన మనసు నేరుగా వాడి మొహం మీదకి పోతుంది.

నెల క్రితం మా గురువుగారితో చెప్పుకుంటే, ద్వేషం ఉన్నన్నాళ్లూ ఎంతసేపు కూర్చున్నా కూర్చున్న చోటే ఉంటావమ్మా, వెళ్లి వాణ్ణి క్షమించి రా, కోర్టు కేసు కూడా వెనక్కి తీసుకో అన్నారు. ఆయనంటే నాకు గౌరవం, అబద్ధం చెప్పరు. కానీ ఆ మాట గొంతు దిగట్లేదు. నేను అడిగేది ఒక్కటే, క్షమ అనేది సాధనకి ముందే కట్టాల్సిన ఫీజా, లేక సాధన చేయగా చేయగా ఎప్పటికో కాసే కాయా?

నిమ్మళం:
పాతగాయం గారూ, మీ పోస్టు చదివి కాసేపు ఏమీ రాయలేకపోయా. కానీ మీ గురువుగారి మాటలో మొదటి సగం మాత్రం నిజం అండి. గీత పన్నెండో అధ్యాయంలో భగవంతుడికి ఇష్టమైన భక్తుడు ఎలా ఉంటాడో చెప్పే చోట మొట్టమొదటి లక్షణమే ఏ ప్రాణినీ ద్వేషించకపోవడం, జపం, తపం ఏదీ దాని కంటే ముందు రాలేదు. మీరు ఆరేళ్లు కూర్చున్నారు, ఆ గంటలో ఎక్కువ భాగం మీ అన్నయ్యకే ఇచ్చారు, అంటే ఇల్లే కాదు మీ ధ్యానం కూడా ఆయన పేరున రాసిచ్చేసినట్టే కదా. ఎవరి కోసమో వద్దు, మీ కోసమైనా వదిలేయండి.

గడుసుపిండం:
అన్నయ్యకి ఇల్లు, చెల్లెలికి మోక్షం. పంపకం బ్రహ్మాండంగా ఉంది 😀

సీరియస్‌గా అడుగుతున్నా, ఈ క్షమించమనే సలహా ఎప్పుడు చూసినా దెబ్బ తిన్నవాళ్లకే ఎందుకు వస్తుంది? ఆ గురువుగారు అన్నయ్యని పిలిచి, చేసింది తప్పు, వెళ్లి చెల్లెలి కాళ్ల మీద పడు అని చెప్పారా? చెప్పరు, ఎందుకంటే అన్నయ్య వినడు, చెల్లెలు వింటుంది, వినేవాళ్లకే కదా ఉపదేశం. యూదుల సంప్రదాయంలో ఈ విషయం సూటిగా ఉంటుంది, మనిషికి చేసిన తప్పు ప్రాయశ్చిత్త దినాన ఎంత ఉపవాసం ఉన్నా పోదు, ముందు ఆ మనిషి దగ్గరకి వెళ్లి సమాధానపరచాలి, ఒప్పుకోకపోతే మళ్లీ మళ్లీ వెళ్లాలి. నడవాల్సింది తప్పు చేసినవాడు. ఇక్కడేమో పడినామెనే నడవమంటున్నారు.

పర్వాల_పిచ్చి:
గడుసుపిండం గారి పాయింట్ బాగుంది గానీ మన పురాణాలు అందుకు పూర్తిగా ఎదురు ఉదాహరణ ఇచ్చాయి. ఐదుగురు కొడుకుల్ని నిద్రలో గొంతులు కోసిన అశ్వత్థామని అర్జునుడు కట్టి తెచ్చి ముందు పడేస్తే, ద్రౌపది ఏమంది? వదిలేయండి, నేను ఏడుస్తున్నట్టు ఇతని తల్లి ఏడవకూడదు అంది. ఆయన వచ్చి క్షమాపణ అడగలా. ఆమె కూడా కాళ్ల మీద పడితేనే అని కండిషన్ పెట్టలా. అంతకంటే పెద్ద గాయం ఎవరికుంటుంది చెప్పండి.

లా_చదివినోడు:
అది భాగవతంలో ద్రౌపది అండి. భారతం సౌప్తిక పర్వంలో ద్రౌపది వేరే. అక్కడ ఆమె అశ్వత్థామ చేసినదానికి ఫలితం అనుభవించాల్సిందే, అప్పటిదాకా అన్నం ముట్టనని ప్రాయోపవేశానికి కూర్చుంటుంది, వాడి తల మీద మణి తెచ్చి చూపిస్తే గానీ లేవనంటుంది. తెచ్చాకే శాంతిస్తుంది. ఒకే మనిషి, ఒకే గాయం, రెండు గ్రంథాల్లో రెండు దారులు, రెండూ మనకి పూజనీయమే. కాబట్టి ద్రౌపదిని సాక్షిగా పిలిస్తే ఇద్దరు ద్రౌపదులూ బోనెక్కుతారు.

పర్వాల_పిచ్చి:
కరెక్టే, ఒప్పుకుంటున్నా, నేను పోతన గారి దారిలో పెరిగిన మనిషిని, అదే ముందు నోటికొస్తుంది. అయితే భాగవతంలో కూడా అశ్వత్థామని ఊరికే పంపలేదు, జుట్టు కోసి, తల మణి ఊడబీకి, శిబిరం బయటకి గెంటారు. వదిలేయమన్న ద్రౌపది మాటా నిలిచింది, చంపాల్సిందేనన్న భీముడి కోపానికీ కొంత దక్కింది.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. వనవాసంలో ఇదే గొడవ ద్రౌపదికీ ధర్మరాజుకీ జరుగుతుంది. ఎప్పుడూ క్షమించేవాణ్ణి ఇంట్లో పనివాళ్లు కూడా లెక్కచేయరు, ఎప్పుడూ కోపంగా ఉండేవాడు ఇంటినిండా శత్రువుల్ని చేసుకుంటాడు అని ప్రహ్లాదుడు బలికి చెప్పిన మాట ఆవిడ ఎత్తుతుంది, మొదటి తప్పు ఎవరిదైనా కాయొచ్చు, రెండోది చిన్నదైనా వదలకూడదు అనే లెక్క కూడా అందులోదే. ధర్మరాజేమో క్షమే ధర్మం, క్షమే యజ్ఞం, లోకం నిలబడిందే దాని మీద అంటాడు. నాకు నచ్చేదేంటంటే వ్యాసుడు ఆవిడ నోరు మూయించలేదు, వాదన మొత్తం చెప్పనిచ్చాడు.

నిమ్మళం:
మొదటి తప్పు కాచి రెండోది పట్టుకోమనడం రాజుకి చెప్పిన నీతి అండి. రాజ్యం ఏలేవాడి లెక్క వేరు, లోపలికి చూసుకునేవాడి లెక్క వేరు. ఆవిడ అడిగింది సాధన గురించి, శిక్షాస్మృతి గురించి కాదు.

లా_చదివినోడు:
మీరన్నది నిజమైతే అది గురువుగారికి ఎదురు తిరుగుతుంది కదా. లోపలి లెక్క వేరు, బయటి లెక్క వేరు అయినప్పుడు, లోపల క్షమించడానికి బయట కేసు ఎందుకు వెనక్కి తీసుకోవాలి?

ఒడిశాలో 1999 జనవరిలో, కుష్ఠు రోగులకి సేవ చేస్తుండే ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నీ ఆయన ఇద్దరు కొడుకుల్నీ జీపులో నిద్రపోతుండగా తగలబెట్టారు, పిల్లలకి పదేళ్లు, ఆరేళ్లు. భార్య గ్లాడిస్ స్టెయిన్స్ చంపినవాళ్లని క్షమించానని చెప్పింది, చెప్పి దేశం వదిలి పారిపోలేదు, కుష్ఠు రోగుల సేవ అక్కడే ఇంకా కొన్నేళ్లు కొనసాగించింది. కానీ కేసు కేసులాగే నడిచింది, 2011లో సుప్రీం కోర్టు ముఖ్య దోషికి యావజ్జీవం ఖాయం చేసింది. ఆమె క్షమ వల్ల శిక్ష ఆగలేదు, శిక్ష వల్ల ఆమె క్షమ అబద్ధం కాలేదు.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన పోయాక, ఆనాటి నేరాల నిజాలు బయటపెట్టడానికి ఆర్చిబిషప్ టుటు గారి అధ్యక్షతన నడిచిన ట్రూత్ కమిషన్ గురించి అందరూ క్షమాపణల పండగ అన్నట్టు మాట్లాడతారు, అసలు రూల్ చూస్తే, రాజకీయ నేరమై ఉండాలి, చేసింది మొత్తం బయటపెట్టాలి, అప్పుడే మాఫీ. 7 వేలకి పైగా అప్లికేషన్లు వస్తే మాఫీ దొరికింది 849 మందికి. వర్ణవివక్ష మీద పోరాడి 1977లో పోలీసు కస్టడీలో చనిపోయిన స్టీవ్ బీకో కుటుంబం ఈ మాఫీ పద్ధతే వద్దని కోర్టుకెళ్లింది, ఓడిపోయింది, కానీ ఆ పోలీసులకి కమిషన్ కూడా మాఫీ ఇవ్వలా. బీకో కుటుంబం న్యాయం కావాలంది కాబట్టి వాళ్లు ద్వేషంతో ఉన్నారని ఎవరైనా అనగలరా? నేనైతే అనను.

అన్నట్టు అక్కడ పశ్చాత్తాపం చూపించాలని కూడా రూల్ లేదు, నిజం చెబితే చాలు. మొదట చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. తర్వాత తర్వాత అర్థమైంది, దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి సారీ కంటే ముందు కావాల్సింది అసలేం జరిగిందో తెలియడం అని.

పాతగాయం:
ఈ చివరి వాక్యం దగ్గర ఆగిపోయా లా గారూ. నాకు ఇల్లు అక్కర్లేదని పైన రాశా కదా, మరి కేసు ఎందుకు నడుపుతున్నానా అని నన్ను నేనే అడుగుతుంటా. ఆ రెండ్రోజులు నాన్నగారు నన్ను అడిగారా లేదా, ఇది తెలుసుకోవాలి. బయట వాడు నాతో మాట్లాడడు, బోనులో అయినా చెబుతాడేమోనని.

రోడ్డుపక్క_చెట్టు:
నేను థియరీ చెప్పలేను, నాది చెబుతా. మా తమ్ముణ్ణి తాగి బండి నడిపినవాడు గుద్ది చంపాడు. పదకొండేళ్లు వాడి చావు కోరుకున్నా, అదీ పూజ గదిలో కూర్చుని కోరుకున్నా, సిగ్గు లేకుండా చెబుతున్నా. మధ్యలో ఒక పెద్దాయన మాట విని క్షమించేశాను అని అందరి ముందు ప్రకటించా కూడా, అందరూ మెచ్చుకున్నారు, ఆ రాత్రి నుంచి మూడు నెలలు సరిగా నిద్ర పట్టలా. నోరు క్షమించింది, ఒళ్లు క్షమించలా. తర్వాత కేసు అయిపోయింది, వాడు శిక్ష అనుభవించి వచ్చాడు, ఒకరోజు రోడ్డు మీద కనపడ్డాడు, ముసలాడైపోయాడు, చేతిలో మందుల కవరు, నన్ను గుర్తుపట్టి పక్కకి తప్పుకున్నాడు. నాకేమీ అనిపించలా. ఇంటికొచ్చాక ఆశ్చర్యమేసింది, వెతుక్కున్నా ఎక్కడైనా ఉందేమోనని. లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు. ప్రేమ వచ్చిందా అంటే రాలేదు, అబద్ధం ఎందుకు. తమ్ముడైతే ఇప్పటికీ రోజూ గుర్తొస్తాడు, ఇప్పుడు వాడొక్కడే గుర్తొస్తాడు.

గడుసుపిండం:
దీని మీద నేను వెటకారం చేయలేను. థాంక్స్ అన్నా.

తాబేలు_నడక:
ఫీజా కాయా అన్నారు కదా మేడమ్, నాకు తెలిసినంతలో పాతకాలపు సాధన గ్రంథాలు కాయ అనే చెబుతాయి, దానికి ఒక వరస కూడా పెట్టాయి. బౌద్ధుల మైత్రీ ధ్యానం తీసుకోండి, శత్రువుతో మొదలుపెట్టొద్దని స్పష్టంగా ఉంటుంది. ముందు నీకు నువ్వు క్షేమం కోరుకో, తర్వాత నువ్వు గౌరవించే మనిషికి, తర్వాత ఆప్తులకి, తర్వాత ఇష్టమూ అయిష్టమూ లేని మామూలు మనిషికి, అది కుదిరాకే పడనివాడికి. నిచ్చెన కింది మెట్లు వదిలేసి పై మెట్టు మీదకి దూకమనడం వల్లే సగంమంది కాళ్లు విరగ్గొట్టుకుంటున్నారు. కోపాన్ని నిప్పుకణికతో పోల్చింది కూడా ఆ గ్రంథాల్లోనే, అవతలివాడి మీద విసరబోతే ముందు కాలేది మన చెయ్యి. కణికతో పాటు పెంట ఉపమానం కూడా పక్కనే ఉంటుంది, ముందు కంపు కొట్టేది మనమే అని, అది ప్రవచనాల్లో ఎవరూ చెప్పరెందుకో.

పతంజలి అయితే ఇంకో ఉపకారం చేశాడు. సుఖంగా ఉన్నవాళ్ల పట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవాళ్ల పట్ల కరుణ, మంచి చేసేవాళ్ల పట్ల సంతోషం అన్నాడు, పాపం చేసేవాళ్ల దగ్గరకి వచ్చేసరికి మాత్రం ప్రేమించు అనలేదు, ఉపేక్ష అన్నాడు. అంటే మనసు అక్కడ పెట్టకు అని. మీ అన్నయ్యని ఇవాళే ప్రేమించమని ఆ సూత్రం అడగట్లేదు.

నిమ్మళం:
తాబేలు గారూ, ఉపేక్ష మాట నాకు నచ్చింది కానీ భయం కూడా ఉంది. నేనెరిగిన ఒకాయన ఇరవై ఏళ్లు అత్తగారింటి వాళ్లతో ఉపేక్షలో ఉన్నానని చెప్పుకున్నాడు, తీరా వాళ్లింట్లో ఏదో నష్టం జరిగిందని తెలిస్తే ఆయన మొహం వెలిగిపోయింది. పగ మీద దుప్పటి కప్పి దాని పేరు ఉపేక్ష అంటే ఎలా? క్షమకి నటన ఉందన్నారు, ఉపేక్షకి మాత్రం లేదా?

తాబేలు_నడక:
ఉంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వాడికి కీడు జరిగిందని వింటే లోపల ఏమవుతుందో చూసుకోవడం, అంతకంటే పరీక్ష నాకు తెలియదు. ఆ చూసుకోవడం కూడా సాధనే అంటాను.

పర్వాల_పిచ్చి:
గురువుగారి పక్షాన ఒక్క మాట. ఆయన కేసు వెనక్కి తీసుకోమన్నది అన్నయ్య కోసం కాకపోవచ్చు, వాయిదా వాయిదాకీ పుండు మీద పొక్కు లేచిపోతుంటే మానేదెప్పుడు అని అనుకుని ఉండొచ్చు. కోర్టు వల్ల ద్వేషం బతుకుతుందనేది కూడా నిజమే, చూశాను.

లా_చదివినోడు:
నేనూ చూశాను, రోజూ చూస్తాను. కాదనను.

పాతగాయం:
పది రోజుల తర్వాత వస్తున్నా, అందరివీ రెండేసి సార్లు చదివా. తాబేలు గారు చెప్పిన వరసలో చేస్తున్నా, నాకు నేను క్షేమం కోరుకోవడం దగ్గరే మూడు రోజులు ఆగిపోయా, అంత కష్టమని అనుకోలా. ఇప్పుడు ఆప్తులు దాటి ఇష్టమూ అయిష్టమూ లేని మనిషి దగ్గరున్నా, రోజూ లిఫ్టులో కనపడే ఒక పెద్దావిడని పెట్టుకున్నా, పేరు కూడా తెలియదు, నిన్న ఆవిడ కనపడితే నాకే నవ్వొచ్చింది. అన్నయ్య దాకా ఇంకా రాలేదు.

తాబేలు గారు చెప్పిన ఆ పరీక్ష కూడా చేసుకున్నా. వాడికి ఆరోగ్యం బాగాలేదని పోయిన వారం తెలిసింది. మొదటి క్షణం మంచిగా అనిపించింది, రాయడానికి చెయ్యి వెనకాడుతోంది కానీ అనిపించింది. ఆ తర్వాత చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది వాడేనని గుర్తొచ్చి ఏడ్చా. ఏది నిజమో తెలియట్లేదు, రెండూ అనుకుంటా.

గురువుగారి దగ్గరకి వెళ్లి కేసు మాత్రం తీసుకోలేనండీ, నాన్నగారు నన్ను అడిగారో లేదో తెలియాలి అని చెప్పా. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, అది నాకు ముందు చెప్పలేదు కదమ్మా అన్నారు. సరే కూర్చో అన్నారు, ఇద్దరం కూర్చున్నాం.

వచ్చే గురువారం వాయిదా. వాడు వస్తాడో లేదో ఒంట్లో బాగాలేదు కాబట్టి.

గడుసుపిండం:
వస్తే అడగండి అక్కా. ఏం చెప్పాడో ఇక్కడ రాయకపోయినా పర్లేదు.