వరికోత మిషన్ ఐదు నెలలు షెడ్డుల ఉంటది, ఎలుకలు వైర్లు కొరకకుండా ఏం చెయ్యాలె?

అడిగింది: హాలియా రైతు

సాగర్ ఎడమ కాలువ కింద మా ఊరు. టైర్ల హార్వెస్టర్. యాసంగి కోతలు మే ఆఖరుకు ఒడుస్తయి, మళ్ళ మిషన్ కదిలేది అక్టోబర్ చివర్లనే. షెడ్డుకు మూడు దిక్కుల ఇటుక గోడ, ముందల గేటు, పైన రేకులు, కింద సిమెంటు. పది అడుగుల దూరంల గడ్డివాము. పోయినసారి ఆల్టర్నేటర్ వైరింగు, క్యాబిన్ సీటు, ఒక బెల్టు కొరికినయి. నాఫ్తలిన్ గోలీలు, పొగాకు కాడలు రెండూ అయినయి, ఫాయిదా లేదు. మందు పెడితే మిషన్ లోపల్నే చచ్చి కంపు కొడ్తదని భయం. కన్నాలన్నీ మూసుకుంట పోవుడేనా, ఇంకేమన్న ఉన్నదా?

మిర్యాలగూడ మెకానిక్

హార్వెస్టర్‌కు కన్నాలు మూసుడంటే జల్లెడకు మాటు వేసినట్టే అన్నా. చుంచెలుకకు 6 మి.మీ. సందు చాలు, అంటే పెన్సిల్ దూరేంత. మూయాల్సింది క్యాబిన్, సైలెన్సర్ మూతి, ఎయిర్ ఫిల్టర్ గొట్టమే. మిషన్ మిగిలిన భాగంల గింజ లేకుండ చెయ్యాలె. ఎలుక వచ్చేది వడ్ల కోసం, ఉండిపోయేది గడ్డి కోసం, వైరు కొరికేది పండ్లు అరగదీసుకునేటందుకు. వాటి ముందరి పండ్లు బతికినన్ని దినాలు పెరుగుతనే ఉంటయి, ఏదో ఒకటి కొరకాల్సిందే.

ఆఖరి మడి కోసినంక పొలంలనే జల్లెడలు పూర్తిగ తెరిచి, ఫ్యాను గాలి ఫుల్ పెట్టి, గింజ రాల్చే త్రెషర్‌ను 10–15 నిమిషాలు ఖాళీగ తిప్పు. ఇంజను ఆపి, తాళంచెవి జేబుల వేసుకున్నంకనే చెయ్యి పెట్టు. పైకి మోసే ఎలివేటర్లు రెండుంటయి, ఒకటి గింజది, ఒకటి సరిగ రాలక తిరిగొచ్చే కంకులది. రెంటికీ అడుగున చిన్న మూతలుంటయి, అవి ఇప్పు. మూత తెరవంగనే వడ్లు బురబుర రాలకుంటే అయిపోయిందనుకోకు. తేమకు గడ్డకట్టి చెయినుకు అంటుకుంటయి, ఇనుప చువ్వతోటి పొడవాలె. అడుగున దొరికినంత ఇంకెక్కడ దొరకదు. తర్వాత గింజ ట్యాంకు కింది ఆగర్ (గింజను తోసే మర), హెడర్ (ముందల కోసే భాగం) ఆగర్ రెండు కొసలు, కాన్కేవ్ (త్రెషర్ కింది జాలీ) కమ్మీల నడుమ, గడ్డిని వెనక్కి తోసే స్ట్రా వాకర్ కింది పళ్ళాలు కంప్రెసర్ గాలితోటి ఊదు. నీళ్ళు కొట్టకు. సందుల చిక్కిన గింజ నాని మొలకెత్తుతది, ఇనుము తుప్పు పడ్తది. కింది మూతలు సీజన్ దాకా తెరిచే పెట్టు.

సైడు డోర్లు, ఇంజను మీది జాలీ కూడ తెరిచే ఉంచు. చీకటి, మూసినట్టున్న జాగ అంటేనే ఎలుకకు ఇష్టం, వెలుతురు తగిలే కాడ గూడు తక్కువ పెడ్తది. సైలెన్సర్ మూతికి రేకు డబ్బా బోర్లించు, ఎయిర్ ఫిల్టర్ గొట్టానికి 6 మి.మీ. జాలీ కట్టు. ఈ రెండూ పెట్టినట్టు తాళంచెవికి ఎర్రగుడ్డ కట్టుకో, లేకుంటే అక్టోబర్‌ల మరిచి స్టార్ట్ చేస్తరు.

క్యాబిన్‌ల పెడల్స్ కింద, స్టీరింగ్ గొట్టం చుట్టూ, లీవర్ల సందుల్ల స్టెయిన్‌లెస్ స్టీలు పీచు కుక్కు, గిన్నెలు తోమేదే. మామూలు ఇనుప పీచు వానకాలంల నెల తిరిగేసరికి తుప్పు పొడయితది. పీచును బ్యాటరీ టెర్మినల్, ఆల్టర్నేటర్ దగ్గరకు పోనియ్యకు, ఒక్క పోగు తగిలినా షార్టే. స్ప్రే ఫోమ్ కొట్టి పైసలు పారెయ్యకు, ఒక్క రాత్రిల తొలిచి దాంట్లనే గూడు పెడ్తయి.

గోదాం షెడ్లు కట్టేటోన్ని

గింజ ఊడ్చుడు బాగనే ఉన్నది గని, గడ్డివాము పదడుగుల దూరంల ఉన్నంక ఎలుకలు రాకుంట ఉంటయా? వాముని దూరం జరుపుడు అయితే అన్నిటికన్న మేలు. కాకుంటే మిషన్ చుట్టూ రేకు కంచె పెట్టండి. నున్నటి జి.ఐ. రేకు, 3 అడుగుల ఎత్తు. ముడతల రేకు వద్దు, గాడి పట్టుకొని ఎక్కుతయి. కొలత 30 మీటర్లు వస్తే, 8 అడుగుల రేకులు ఒకదాని మీదికొకటి 10 సెంటీమీటర్లు ఎక్కిస్తే 13 పడ్తయి. నిలబెట్టే కమ్మీలు లోపలి దిక్కే ఉండాలె. అడుగున సిమెంటుకు ఆనేకాడ సందు ఉండొద్దు, ఉంటే మాలు పుయ్యండి. మట్టి నేల ఉన్నోళ్ళకు ఇది చాలదు. పందికొక్కు తవ్వి వస్తది, అందుకని రేకును అడుగున్నర లోతు పూడ్చాలె.

కంచె చెడేది రెండు తీర్ల. నిచ్చెన, కట్టెలు, పాత టైరు రేకుకు ఆనిస్తరు, అదే మెట్టు అయితది. రెండోది పైనుంచి. ఇంటి ఎలుక దూలాల మీద నడుస్తది, అక్కడ్నించి వేలాడే వైరో, చెయిన్ బ్లాకో పట్టుకొని మిషన్ మీదికి దిగుతది. మిషన్ నెత్తిన ఏదీ వేలాడనియ్యకండి.

హాలియా రైతు

రేకు కంచె సమజైంది. మరి కంచె కట్టినంక ఎలుక లోపల్నే చిక్కితే? మందు సంగతి కూడ చెప్పుండ్రి.

మిర్యాలగూడ మెకానిక్

కంచె కట్టిన దినమే మిషన్ చుట్టూ ముగ్గుపిండి పలుచగ చల్లు. తెల్లారి అడుగులు పడితే లోపల ఉన్నట్టే. కొట్టే బోన్లు నాలుగు, కంచె లోపలి అంచుకు, ఎర ఉన్న కొస రేకు దిక్కు తిరిగేటట్టు పెట్టు. ఎండుచేప ముక్క గని, నూరిన పల్లీలు గని దారంతోటి కట్టు, కట్టకుంటే గుంజుకపోతయి. పెద్ద ఎలుక కొత్త వస్తువుకు బెదురుతది. మూడు రాత్రులు బోను ఎక్కుపెట్టకుంట ఎర తిననియ్యి, నాలుగో రాత్రి అన్నీ ఒక్కసారి ఎక్కుపెట్టు. రెండు రాత్రులు పిండి మీద అడుగు పడకుంటే లోపల సాఫ్ అయినట్టు. ఆ తర్వాత వారానికొకసారి పిండి చూసుకుంటే చాలు.

మందు మిషన్ల పెట్టనే పెట్టొద్దు. బ్రోమాడయోలోన్ 0.005 శాతం కేకులయితే షెడ్డు బయట, గోడ పొంటి, నాలుగు అంగుళాల పైపు ముక్కల్ల కట్టి పెట్టు, కుక్కలకు, కోళ్ళకు, పిల్లలకు అందకుంట. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని దినాలకు చస్తది, అది ఏడ చస్తదో మన చేతుల లేదు. చచ్చినవాటిని వెతికి పూడ్చాలె, లేకుంటే గుడ్లగూబ తిని అదీ పోతది. వడ్ల గోదాంల వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోలీలు మాత్రం తేకండి. తేమ తగిలితే వచ్చే గ్యాసు మనుషులను చంపుతది, దాని అమ్మకం మీద కట్టడి కూడ అందుకే.

ఆటో ఎలక్ట్రీషియన్, దేవరకొండ

బ్యాటరీ ముచ్చట ఎవరూ ఎత్తలేదు. మిషన్ పెట్టేటప్పుడే నెగెటివ్ వైరు విప్పాలె. తోలు పోయిన వైరు బాడీకి తగిలి, పక్కన ఎండుగడ్డి గూడు ఉంటే అంటుకునుడు ఎంతసేపు? బ్యాటరీ తీసి నెలకోసారి చూడుండ్రి, 12.4 వోల్టులకు దిగితే చార్జింగ్ పెట్టుండ్రి.

అక్టోబర్‌ల నేరుగ సెల్ఫ్ కొట్టకండి. ముందు కట్టెతోటి తట్టి చూడాలె, ఎలుకల వెనక పాము వస్తది, ఎలివేటర్ మూతల కాడ, సీటు కింద వట్టి చెయ్యి పెట్టొద్దు. ఎలుక పెంటికలను పొడిగ ఊడ్చొద్దు. గ్లవుజులు, మాస్కు వేసుకొని, ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది పాళ్ళ నీళ్ళు కలిపి చల్లి, అయిదు నిమిషాలు నాననిచ్చి గుడ్డతోటి ఎత్తాలె. ఇనుము ఉన్నకాడ తర్వాత మంచినీళ్ళ గుడ్డతోటి తుడువాలె.

ఆనక బ్యాటరీ పాజిటివ్ బిగించి, నెగెటివ్ టెర్మినల్‌కు, విప్పిన నెగెటివ్ వైరుకు నడుమ 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టుండ్రి. స్విచ్చులన్నీ ఆఫ్. బల్బు వెలుగకుంటే అప్పుడు కరెంటు ఉన్న లైన్ల షార్టు లేనట్టు. భగ్గున వెలిగితే ఎక్కడో బాడీకి తగులుతున్నది. ఫ్యూజులు ఒక్కొక్కటి పీకుకుంట పోతే, ఏది పీకినప్పుడు బల్బు ఆరుతదో ఆ లైన్లనే కొరికినట్టు. అన్నీ పీకినా ఆరకపోతే ఫ్యూజు లేని తీగ, ఆల్టర్నేటర్ లావు వైరో, సెల్ఫ్ మోటార్ వైరో చూడాలె. దొరికినకాడ మెలిపెట్టి టేపు చుట్టుడు వద్దు, హార్వెస్టర్ అదురుకు పదెకరాలు కోసేలోపు ఊడుతది. అదే మందం వైరుతోటి సోల్డర్ చేసి, పైన వేడికి ముడుచుకునే స్లీవు ఎక్కించుండ్రి. బల్బు ఆరినంకనే నెగెటివ్ నేరుగ బిగించాలె.