స్ట్రోక్‌లో మైక్రోగ్లియా కాపాడుతుందా, చెడగొడుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్తే, ఇస్కీమిక్ స్ట్రోక్‌లో (మెదడు రక్తనాళం మూసుకుపోయి వచ్చే స్ట్రోక్) మైక్రోగ్లియా (మెదడులో ఉండే రోగనిరోధక కణాలు) మీద సెమినార్ ఇవ్వాలి, ఒక చోట ఆగిపోయాను. మెదడుకి రక్తం ఆగగానే దెబ్బతిన్న న్యూరాన్ల నుంచి ఏటీపీ (కణాలకి శక్తినిచ్చే అణువు) లాంటివి బయటికొస్తాయి, వాటిని పసిగట్టి మైక్రోగ్లియా సన్నటి కొమ్మలు ముడుచుకుని గుండ్రంగా మారి టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఐఎల్-1 బీటా అనే ఇన్‌ఫ్లమేషన్ పెంచే ప్రోటీన్లు వదులుతాయి, దాంతో పెనంబ్రాలో (బాగా దెబ్బతిన్న చోటు చుట్టూ ఉండే భాగం) ఇంకా బతికే ఛాన్స్ ఉన్న కణాలు కూడా పోతాయి, ఇంతవరకు ఓకే. కానీ ఎలుకల్లో సీఎస్ఎఫ్1ఆర్ (మైక్రోగ్లియా బతకడానికి కావాల్సిన రిసెప్టర్) బ్లాకర్ ఇచ్చి మైక్రోగ్లియాని దాదాపు మొత్తం తీసేస్తే డ్యామేజ్ తగ్గాల్సింది పోయి పెరిగింది! చచ్చిన కణాల చెత్త ఊడ్చేది కూడా ఇవే కదా మరి. అంటే మొదట్లో కొంచెం అణచి తర్వాత వాటి పని వాటిని చేసుకోనివ్వాలా, టైమింగే అసలు విషయమా? ఎం1 (హాని చేసేవి), ఎం2 (కాపాడేవి) అని రెండు ముక్కలు చేయడం నాకు మరీ సింపుల్‌గా అనిపిస్తోంది, దాంతో సరిపెట్టకండి.

ఇంకోటి, రక్తం నుంచి వచ్చే మాక్రోఫేజ్‌లు (చెత్తని మింగే రోగనిరోధక కణాలు) కూడా ఐబీఏ1 అనే ప్రోటీన్‌కి రంగు పట్టించే స్టెయిన్‌లో మైక్రోగ్లియాలాగే కనిపిస్తాయి. మైక్రోగ్లియాని గుర్తుపట్టే మార్కర్లు టీఎంఈఎం119, పీ2ఆర్‌వై12 వాడదామంటే ఇన్‌ఫ్లమేషన్‌లో అవే తగ్గిపోతాయి. ల్యాబ్‌లో చేసినవాళ్లు రెండిటినీ ఎలా విడదీస్తున్నారో కాస్త వివరంగా రాయండి.